పాత మోటారు రేకులు: గంజాం మండల చరిత్రలో ఒక చిన్న అధ్యాయము

గంజాం మండలమున స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా దేవాలయములను, జమీందారీలను, పట్టు మగ్గములను, సభలను ప్రస్తావింతురు. అవి యన్నియు ప్రస్తావింపదగినవే. కాని మనలో కొందరి పెరళ్లలో పందిరి క్రింద, టైర్లు దిగిపోయి, తుప్పు పట్టుచు నిలిచియున్న పాత కారును గూర్చి వ్రాయువారు అరుదు. అది తాతగారు కొన్న కారు. దానిలో పెండ్లికూతురు అత్తవారింటికి వెళ్లినది. దానిలోనే పురిటి మనిషి ఆసుపత్రికి వెళ్లినది. నేడది నడువదు. దానినేమి చేయవలెనను ప్రశ్న ఇప్పుడు ఇంటింట వచ్చుచున్నది. పాత సామాను కొనువాడు వచ్చి తూకమునకు అడుగును. చోటు కలిసివచ్చునని పిల్లలు సరే యందురు.

ఆ కారు తాను నడువకపోయినను మరియొక కారును నడిపింపగలదు. పాడైన బండిని తెలిసిన చేతితో కోసి, మంచి రేకులను దక్కించి, అదే జాతి బండి కొకదానికి అతుకు పని మన మండలమున చిరకాలముగా జరిగినది. ఆ పని యెట్లు పుట్టినది, ఎందుకు పెరిగినది, నేడు ఏ దశలో నున్నది అను విషయములను మాకు తెలిసినంతవరకు ఈ వ్యాసమున మనవి చేయుచున్నాము. మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. దస్త్రముల మధ్య తల పండినవారము. అయినను అంకెలను, ఆధారములను సరిచూచు అలవాటు గుమాస్తాకు ఉండును గదా!

రైలుమార్గము 1890ల మధ్యకాలమున మన సీమకు వచ్చినది. ఆ పిదప ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో జమీందారుల దివాణములకు, పెద్ద వకీళ్ల యిండ్లకు మోటారు కార్లు రాజొచ్చినవి. ఆ నాళ్లలో పెక్కు కార్లకు ఛాసిస్సు, ఇంజను మాత్రమే సీమనుండి వచ్చెడివి. బాడీని ఇక్కడనే కట్టెడివారు. మద్రాసులో 1840లో నెలకొన్న సింప్సను కంపెనీవారు మొదట గుఱ్ఱపు బండ్లు కట్టి, పిమ్మట మోటారు బాడీలు కట్టుటలో పేరొందిరి. ఆ బాడీకి అస్థిపంజరము కొయ్యతో నుండును. దానిపై రేకును తొడిగి మేకులు కొట్టుదురు. కావున అది చెడినచో వడ్రంగియు, కమ్మరియు చాలుదురు. మేకు ఊడదీసి, కొయ్య మార్చి, రేకును సాగగొట్టి మరల తొడిగినచో పని ముగిసెడిది. ఒక బండి రేకు మరియొక బండికి తేవలసిన అగత్యము అంతగా లేకుండెను.

1930ల నాటికి కొయ్య పోయి బాడీ యంతయు ఉక్కు రేకుతోనే వచ్చుట వాడుకయైనది. గొప్ప అచ్చులలో రేకును నొక్కి, వంపులు తీర్చి, అంచులను చుక్క వెల్డింగుతో కలుపు పద్ధతి యిది. చూచుటకు అందము, మోయుటకు తేలిక. కాని ఆ మార్పుతో పల్లె కమ్మరికి ఒక చిక్కు వచ్చినది. వేల టన్నుల ఒత్తిడితో అచ్చు వేసిన వంపును సుత్తితో సరిగా మరల తీయుట మిక్కిలి కష్టము. చదునైన నేలరేకును చేసికొనవచ్చును. మడ్డుగార్డు గుండ్రమును, తలుపు వంపును, బానెట్టు ముక్కును చేసికొనుట అందరి వల్ల కాదు. కంపెనీనుండి కొత్త రేకు తెప్పింపవలెను. లేదా అదే అచ్చునుండి పుట్టిన మరియొక బండినుండి తీయవలెను. పాత బండిని కోసి రేకు తీయు విద్యకు మూలకారణ మిదియే.

కంపెనీనుండి తెప్పించు దారి మన దేశమున త్వరలోనే ఇరుకైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు రేషనైనది. సీమ సామానుల రాక తగ్గిపోయినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత దేశీయ పరిశ్రమను పెంచుటకై విదేశీ కార్ల దిగుమతిని ప్రభుత్వము కట్టడి చేసినది. 1953లో టారిఫ్ కమీషను సలహాననుసరించి, ఇక్కడ క్రమముగా భాగములు తయారుచేయు పథకము లేని కంపెనీలు తప్పుకొనవలసి వచ్చెను. బొంబాయిలో 1928 నుండి షెవర్లే మొదలగు బండ్లను బిగించుచుండిన జనరల్ మోటార్సువారును, ఫోర్డువారును ఆ కాలముననే పని చాలించుకొనిరి. వారు వెళ్లిరి గాని వారి బండ్లు రోడ్లమీద నిలిచియుండెను. ఒడిశాలో జమీందారీల రద్దు చట్టము 1951లో వచ్చినది. రాబడి తగ్గిన దివాణములలో పెద్ద కార్లను పోషించుట బరువయ్యెను. రెండు షెవర్లేలున్నచోట ఒకటి నిలిచి, రెండవది దానికి ఆహారమయ్యెను.

ఇట్టి స్థితి మన దేశమునకే కాదు. క్యూబా ద్వీపమున 1960ల మొదట అమెరికా వర్తక నిషేధము వచ్చిన పిదప 1950ల నాటి అమెరికా కార్లను దశాబ్దముల తరబడి ఈ విధముగనే బ్రతికించుకొనిరి. కొరత యెక్కడ నుండునో అక్కడ చేతిపని పదునెక్కును.

ఇక మన స్వదేశీ కార్ల మాట. హిందుస్థాన్ మోటార్సు కంపెనీ 1942లో గుజరాతు తీరమున ఓఖా రేవున మొదలై, 1948లో కలకత్తా చేరువనున్న ఉత్తరపాడకు మారినది. వారి లాండుమాస్టరు 1954లో వచ్చినది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి 1950ల చివర అంబాసిడరు వెలువడినది. బొంబాయి ప్రీమియరు కంపెనీ ఫియట్ 1100ను, మద్రాసు స్టాండర్డు కంపెనీ 1961 నుండి హెరాల్డును తయారుచేసిరి. లారీలలో టాటావారు జర్మనీ బెంజి కంపెనీతో చేరి 1954 నుండి 1969 వరకు బండ్లు చేసిరి. బెంజి ముద్ర లారీలమీదనుండి పోయి అర్ధశతాబ్ది దాటినను, మన బరంపురములో టాటా బెంజి కూడలి అను పేరు నేటికిని జనుల నాలుకపై నున్నది. బండి పోయినను పేరు నిలిచినది.

రేకు దక్కించు పనికి అంబాసిడరు అనుకూలమైన బండి. దానికి కారణము దాని మార్పులేనితనమే. మార్కు రెండు, మార్కు మూడు, మార్కు నాలుగు, నోవా అని పేర్లు మారినవి. ముందరి జాలి మారినది. 1990లలో ఇసుజు ఇంజను వచ్చినది. కాని కప్పు, తలుపులు, మొత్తము ఆకారము చాలవరకు ఒక్కటిగనే యుండి, 2014 మే నెలలో ఉత్తరపాడ కర్మాగారమున పని ఆగువరకు సాగినవి. తండ్రి కారునకు కొడుకు కాలపు కారు తలుపు సరిపోవుట మోటారు లోకమున అరుదైన సంగతి. కొత్త కారు కొనగోరు వారికి ఈ మార్పులేనితనము విసుగు పుట్టించి యుండవచ్చును. పాత కారును కాపాడువారికి అదియే వరమయ్యెను.

ఇచ్చట రెండు బండ్ల భేదము చెప్పవలెను. హెరాల్డునకు ఛాసిస్సు వేరు, బాడీ వేరు. బాడీ భాగములు బోల్టులతో బిగింపబడి యుండును. స్పానరు పట్టగలవాడు దానిని విప్పగలడు. అంబాసిడరునకును, ఫియట్టునకును వేరు ఛాసిస్సు లేదు. బాడీయే ఎముకల గూడు. వాటి తలుపులు, బానెట్టు, డిక్కీ మూత, ముందరి మడ్డుగార్డులు బోల్టు విప్పిన వచ్చును. తలుపుల క్రింది దూలము, నేల, స్తంభముల పాదములు, కప్పు మాత్రము కోసినగాని రావు. కోత తప్పినచో రెండు బండ్లును చెడును.

మన మండలమునకు సముద్రము చేరువ. గోపాలపురము బరంపురమునకు పదిమైళ్ల దూరమే. ఉప్పుగాలి ఉక్కునకు శత్రువు. తెలుగువారు తుప్పు అనుదానిని ఒడియావారు కళంకి యందురు. రేకును చదర యందురు. మేస్త్రి ఒడియాలో చెప్పును, యజమాని తెలుగులో బదులిచ్చును, పనిముట్ల పేర్లు ఇంగ్లీషులో నుండును. పని మాత్రము ఆగదు. ఈ కళంకి పైనుండి రాదు. నీరును, బురదయు నిలుచు తావులలో లోపలినుండి పుట్టును. తలుపు అడుగు, నేల మూలలు, మడ్డుగార్డు వెనుక మడత, డిక్కీ నేల, ఇవి దాని నివాసములు. కప్పు, బానెట్టు నడుమ, తలుపు పైభాగము చాలకాలము నిలుచును. కావున మన తీరపు కార్లన్నియు ఒక్కచోటనే చెడును. ఒకదానికి కావలసిన రేకు రెండవదానిలోను ఉండదు. అనుభవజ్ఞులైన మేస్త్రులు అందువలన మెట్టసీమ బండిని కోరుదురు. ఇంజను చెడి ఎండలో నిలిచిన లోనాటి బండి, రంగు వెలిసినను, అడుగున గట్టిగా నుండును. ఇంజనుకు తీరపు కారైనను సరియే. రేకునకు మెట్టకారే మేలు.

కప్పునకు సాధారణముగా గిరాకి యుండదు. తుపానులు వచ్చినపుడు మాత్రము ఆ లెక్క తారుమారగును. 1999 అక్టోబరు 17వ తేదీ తుపానును, 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురము చెంత తీరము దాటిన ఫైలిన్ తుపానును మన పట్టణమువారు మరువలేరు. చెట్టు కూలి కారుమీద పడినచో నలుగునది కప్పే. సాగిన కప్పును సుత్తితో తిరిగి బిగువు చేయుట ఎంతటి మేస్త్రికైనను పరీక్ష. అట్టి సమయమున, ఎవరికిని అక్కరలేదని మూలపడిన బండి కప్పు బంగారమగును.

పని యెట్లు జరుగునో క్రమముగా చెప్పుదుము. మొదట బ్యాటరీ తీసివేయుదురు. పెట్రోలు ట్యాంకును దించి దూరముగా నుంచుదురు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. లోపల నిలిచిన ఆవిరి నిప్పురవ్వకు పేలును. తరువాత రబ్బరు అంచును మెల్లగా వదులుచేసి అద్దములు, పిదప సీట్లు, లోపలి గుడ్డ, తీగలు తీయుదురు. బోల్టులకు ముందునాడే నూనె పోసి నానబెట్టుదురు. తొందరపడి తిప్పినచో బోల్టు తల తెగును. అప్పుడు రేకు చిరుగును.

కోతకు ముందు కొలత. తలుపు సందుల పొడవును, అడ్డమును, మూల నుండి మూలకు ఏటవాలు కొలతను కాగితముపై వ్రాసికొందురు. తరువాత తలుపు సందుకు అడ్డముగా ఇనుప కోణపు కడ్డీలను తాత్కాలికముగా వెల్డింగు చేయుదురు. ఎందుకనగా క్రింది దూలము కోసినంతనే బండి నడుమ వంగును. వంగిన బండినుండి తీసిన రేకు మరియొకచోట కుదురదు. రేకు నెక్కించుకొను బండికిని ఇదే జాగ్రత్త వలయును.

కోత ఎక్కడ వేయవలెననునదే విద్యలో మర్మము. తెలియనివాడు కావలసిన ముక్క అంచుమీదనే కోయును. తెలిసినవాడు అతుకునకు రెండు మూడంగుళములు అవతల, అక్కరలేని రేకు వైపున కోయును. పెద్ద ముక్కగా బల్లమీదికి తెచ్చి, చుక్క వెల్డింగులను ఒక్కొక్కటిగా వెదకి, డ్రిల్లుతో పైరేకు మందమువరకే తొలిచి, సన్నని ఉలితో విడదీయును. అప్పుడు కర్మాగారపు అంచు చెక్కుచెదరక వచ్చును. కొత్తచోట అతుకుటకు ఆ అంచే ఆధారము. మిగిలిన రేకును ముందే ఎక్కువ తీసికొన్నవాడు తరువాత తగ్గించుకొనగలడు. తక్కువ తీసినవాడు చేర్చుకొనలేడు.

గ్యాసు కటింగు ఈ పనికి పనికిరాదు. బాడీ రేకు పలుచన. 20 గేజి రేకు మందము ఒక మిల్లీమీటరైనను లేదు. గ్యాసు మంట సోకినచో అది అప్పడము వలె ముడుచుకొనును. రంపపు బ్లేడు, ఉలి, నేడు సన్నని కోత చక్రము, ఇవియే తగిన పనిముట్లు. పాత బాడీల అతుకులలో కొన్నిచోట్ల సీసము పూసియుండును. బ్రేకుల పాత లైనింగులలో రాతినార యుండును. ఆ పొగయు, ధూళియు ఊపిరితిత్తులకు హాని. పూర్వపు మేస్త్రులు భుజముమీది తువ్వాలుతో సరిపెట్టుకొనిరి. నేటివారు అట్లు చేయరాదు.

తీసిన రేకును తోమి, తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, ఏ బండిది, ఏ వైపుది అని సుద్దతో గాక రంగుతో వ్రాయవలెను. ఒకదానిపై నొకటి పరుండబెట్టరాదు, నిలువుగా ఆనించవలెను. ఈ చివరి మాటలు దస్త్రములు భద్రపరచువారికిని వర్తించును.

మన ఊరిలో దొరకని భాగమునకై పూర్వము కలకత్తా మల్లిక్ బజారుకో, మద్రాసు పుదుపేటకో వెళ్లెడివారు. హౌరా మద్రాసు రైలుమార్గముమీద నడిమి ఊరగుట బరంపురమునకు మేలైనది. విజయవాడలో 1966లో ఏర్పడిన ఆటోనగరు తరువాత దక్షిణపు దారి మరింత దగ్గరయ్యెను. ఉత్తరమునుండి మోరిస్ తలుపు, దక్షిణమునుండి స్టాండర్డు మడ్డుగార్డు వచ్చి, మధ్యనున్న గంజాం మేస్త్రి చేతిలో రూపు దాల్చెడివి.

రేకు ఒక బండినుండి మరియొక బండికి పోవచ్చును. అంకె పోరాదు. గుమాస్తాగా మేము గట్టిగా చెప్పదలచిన మాట ఇది. ఛాసిస్సు సంఖ్య బండికి జన్మపత్రిక వంటిది. చచ్చిన బండి సంఖ్యను బ్రతికిన బండికి తగిలించుట నేరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను ప్రకారము, బండి నాశనమైనపుడో, శాశ్వతముగా పనికిరానిదైనపుడో, యజమాని పదునాలుగు దినములలో లేక వీలైనంత త్వరగా రిజిస్ట్రేషను అధికారికి తెలిపి పత్రమును ఒప్పగింపవలెను. దీనిని ఉపేక్షించి, తరువాత ఎక్కడో దొరికిన సంఖ్యపలకకు జవాబు చెప్పుకొనవలసి వచ్చిన కుటుంబములు లేకపోలేదు. 2021 సెప్టెంబరులో వచ్చిన నియమములతో బండ్లను తుక్కు చేయుటకు రిజిస్టరైన కేంద్రములు ఏర్పడినవి. అచ్చట ఛాసిస్సు సంఖ్య గల ముక్కను కోసి ఆధారముగా భద్రపరతురు. యజమానికి పత్రము నిత్తురు. పెరటి కోతకు దిగకముందు ఈ నియమములను అడిగి తెలిసికొనుట క్షేమము.

2021 జూలైలోనే మరియొక నియమము వచ్చినది. ఏబదియేండ్లు దాటి, వ్యాపారమునకు గాక స్వంతమునకు ఉంచుకొన్న బండికి వింటేజి బండిగా ప్రత్యేక రిజిస్ట్రేషను కలదు. కాని ఛాసిస్సును, బాడీ గూటిని, ఇంజనును మార్చియుండరాదని షరతు. కావున పాత బండి నిజరూపమున నిలువవలెనన్నచో, దాని జాతి రేకే దానికి కావలెను. కర్మాగారము మూతపడినది. ఇక ఆ రేకు మన పెరళ్లలోని బండ్లలోనే యున్నది. ప్రతి యేట కొన్ని తూకమునకు పోవుచున్నవి. మా యెరుకలోనే ఒక కుటుంబమువారి బండి, నాలుగు తలుపులును బానెట్టును చక్కగా నుండగా, గ్యాసు మంటతో ముక్కలై లారీ యెక్కినది. ఆ యేడే ఆ జాతి తలుపు జతకై పర్లాకిమిడి వైపునుండి ఒకరు ఊరెల్ల తిరిగి ఉత్తచేతులతో వెళ్లిరి. ఇరువురిలో ఎవరును చెడ్డవారు కారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే.

విప్పుట వేరు, నరుకుట వేరు. గంజాంవారికి ఈ భేదము వేరుగా నేర్పనక్కరలేదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా రాష్ట్ర మేర్పడినపుడు మన పాత గంజాం జిల్లాను రెండుగా కోసిరి. అంతకు ముందు ఓడొనెల్ కమిటీ ఎదుట ఉభయ పక్షములవారును వాదించిరి. బరంపురము ఇటు, టెక్కలి, సోంపేట అటు పోయినవి. పర్లాకిమిడి సంస్థానమే చీలినది. ఒడియా, తెలుగు ఇండ్లు ఒకే వీధిలో గోడకు గోడ చేరియున్నచోట అతుకు ఎక్కడ నున్నదని వెదకి కోయగలరు? కోత పడినది. అయినను ఇటు నిలిచిన మనము పనికిరాని ముక్కలము కాలేదు. మన భాషను, పండుగలను అంచు చెడకుండ తెచ్చుకొని, ఇచ్చటి జీవితమున కుదురుకొంటిమి. ఒడియా మేస్త్రి చేతిలో మన తాతల కార్లు బ్రతికినవి. ఇట్టి కుదురుబాటును మన చరిత్రలో ఒక పుటగా వ్రాసికొనుట న్యాయము.

కావున కుటుంబములవారికి మా విన్నపములు మూడు. పెరటి బండిని తూకమునకు ఇచ్చుటకు ముందు దాని ఫొటోలు తీయించి, సంఖ్యలను, కొన్న సంవత్సరమును, ఎవరెవరు నడిపిరో ఒక కాగితముపై వ్రాయించుడు. అనుభవము గల టింకరింగు మేస్త్రిని ఒకమారు పిలిచి, ఏ రేకు దక్కునో చూపించుడు. అక్కరగలవారికి మన సంఘము ద్వారా తెలియజేయుడు. మూడవది ముఖ్యము. మేస్త్రి పనిచేయునపుడు ఒక కుఱ్ఱవానిని ప్రక్కన కూర్చుండబెట్టుడు. బరంపురము ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థ విద్యార్థులు తుక్కు యంత్రభాగములతో శిల్పములు చేసి పేరు తెచ్చుకొనిరి. తుక్కులో రూపమును చూడగల చూపు మన ఊరి పిల్లలకు కలదు. కోత గీత ఎక్కడ గీయవలెనో చెప్పగల వృద్ధులు కొందరు ఇంకను ఉన్నారు. వారు ఉన్నపుడే ఈ పని జరుగవలెను. రేకు మరికొన్నేండ్లు ఆగునేమో. మేస్త్రి వయస్సు ఆగదు.